టోక్యోలో సస్తా రామెన్: మన ముసాఫిర్లకి కొంచెం తారీఖ్, కొన్ని పతాలు

జపాన్ వెళ్తున్న మన పిల్లలు ఈమధ్య నాకు తరచూ ఫోన్లు చేస్తున్నారు. ఒకసారి పదిరోజులు టోక్యోలో ఉండి వచ్చానన్న మాట చుట్టాల్లో పాకిపోయింది మరి. వీసా సంగతి అడగరు, చలి సంగతి అడగరు. "చాచా, అక్కడ రామెన్ సస్తాగా ఎక్కడ దొరుకుతుంది? మనం తినొచ్చా?" ఇదే సవాల్. మొదటి సగానికి జవాబు తేలిక. రెండో సగానికి జవాబు చెప్పాలంటే తారీఖ్‌లోకి పోవాలి.

నా తజుర్బాతోనే మొదలుపెడతాను. టోక్యో తూర్పున నిషి-కసాయ్ అనే మొహల్లా ఉంది. హిందుస్తానీ కుటుంబాలు ఎక్కువగా ఉండేది అక్కడే. మా ఖాలా కొడుకు కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ తొమ్మిదేళ్లుగా అక్కడ ఉంటున్నాడు. దిగిన రోజే ఆకలి మీద స్టేషన్ పక్కన ఒక రామెన్ దుకాణంలోకి దూరాను. తలుపు దగ్గరే మెషీన్. డబ్బులు వేసి బొత్తాం నొక్కితే చీటీ వస్తుంది, ఆ చీటీ వంటవాడికివ్వాలి. కోడి బొమ్మ ఉన్న బొత్తాం మీద వేలు పెట్టాను. వాడు నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"భాయిజాన్, పైన ముక్క కోడిదే. కింద షోర్బా మాత్రం పంది ఎముకలది."

ఆ పూట అన్నం ముద్దలు కొనుక్కుని తిన్నాం. కానీ అసలు ఆ గిన్నెలోకి పంది ఎట్లా వచ్చింది? ఒకప్పటి జపాన్ మాంసం పేరెత్తితే మొహం తిప్పుకున్న దేశం. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినొద్దని హుకుం ఇచ్చాడు. తర్వాత వందల ఏళ్లు బౌద్ధం అసర్‌తో నాలుగు కాళ్ల జంతువుని తినడం మర్యాదస్తుల పని కాదనే అనుకున్నారు. చాటుగా తినేవాళ్లు తిన్నారనుకోండి, అది ఎక్కడైనా ఉన్నదే. 1872లో మెయిజీ చక్రవర్తి పశుమాంసం తిన్నాడన్న ఖబర్ బయటికి వచ్చాకగానీ ఆ సంకోచం పోవడం మొదలుకాలేదు.

అప్పటికే యొకొహామా బందరు బయటి దేశాలకి తెరుచుకుంది. తెల్ల సౌదాగర్ల వెంట చైనా వంటవాళ్లు, దర్జీలు, మజ్దూర్లు వచ్చారు. వాళ్ల బస్తీలో గోధుమ సేమ్యాలు ఉడికాయి, మాంసం షోర్బా మరిగింది. 1910లో ఒజాకి కన్ఇచి అనే రిటైరైన కస్టమ్స్ ఉద్యోగి యొకొహామా నుంచి చైనా వంటవాళ్లని తెచ్చి టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అనే దుకాణం తెరిచాడు. జపాన్ వాళ్ల నాలుకకి అలవాటైన సోయా పులుసు ఆ షోర్బాలో కలిపారు. ఇవాళ మనం రామెన్ అంటున్నది జపాన్‌లో జనం తిండి అయింది అక్కణ్నించేనని ఎక్కువమంది తారీఖ్ రాసేవాళ్ల మాట. చైనా పంది వద్దనే దేశం కాదు. కాబట్టి వంటవాడితోపాటు వాడి మసాలా, వాడి మాంసం కూడా వచ్చేశాయి. ఇరానీలు మనకి చాయ్ ఇచ్చారు, కానీ మన ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు. ఇదీ అలాంటిదే.

మన పెద్దలకి ఆనాటి టోక్యో కొత్త కాదు. రైరైకెన్ తెరిచే నాటికి బర్కతుల్లా భోపాలీ అదే షహర్‌లో హిందుస్తానీ జబాన్ పాఠాలు చెబుతున్నారు. 1922లో సర్ సయ్యద్ మనవడు రాస్ మసూద్ హైదరాబాద్ రియాసత్ తరఫున జపాన్ వెళ్లి అక్కడి చదువుల మీద పెద్ద కితాబే రాశారు. తమ జబాన్‌లోనే సైన్స్ చదువుకునే దేశం, ఉర్దూలో పాఠాలు చెప్పే ఉస్మానియాకి ఎంత అవసరమైన మిసాలో! ఉర్దూ మీడియం బడిలో చదివిన నాకు ఈ కిస్సా అంటే మోజు, అందుకే మధ్యలో దూర్చాను.

మళ్లీ గిన్నె దగ్గరికి వద్దాం. రాత్రిపూట బండి తోసుకుంటూ, చిన్న ఊదుడు వాద్యం ఊదుతూ రామెన్ అమ్మేవాళ్లు తిరిగేవారు. ఆ వాద్యం పేరు చరుమెరా. చైనావాళ్ల సువోనాకి చుట్టం. సువోనా పేరు పారసీ సుర్నాలోంచి వచ్చింది. అంటే మన సన్నాయి, షెహనాయిల ఖాందానే! తినేవాళ్లు రిక్షావాళ్లు, తాలిబిల్ములు, రాత్రి డ్యూటీ మజ్దూర్లు. గరీబు కడుపు నింపడానికి పుట్టిన తిండి అది.

1945లో జంగ్ ఓడిపోయాక గరీబులు కానివాళ్లే లేరు. ఆ ఏడు వరి పంట పోయింది. కొరియా, తైవాన్ చేజారడంతో అక్కణ్నించి బియ్యం ఆగిపోయింది. అమెరికా గోధుమపిండి వచ్చింది. చైనా నుంచి తిరిగొచ్చిన సిపాయిలకి నూడుల్స్ చెయ్యడం తెలుసు. రేషన్ రోజుల్లో బండి మీద తిండి అమ్మడం జుర్మ్, అయినా దొంగబజార్లలో బండ్లు వెలిశాయి. కొవ్వు, ఉప్పు, వేడి: ఆకలిగా ఉన్నవాడికి ఇంకేం కావాలి? నిండుగా పంది ఎముకలు మరిగించే తొంకొత్సు రామెన్ అంతకు ముందే, 1937లో, క్యూషూలోని కురుమేలో పుట్టింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. తొన్ అంటే పంది, కొత్సు అంటే ఎముక.

ఒసాకాలో చలికి వణుకుతూ రామెన్ బండి ముందు లైన్లో నిలబడ్డ జనాన్ని చూశాడు ఒకాయన. పేరు మొమొఫుకు అందో, పుట్టింది తైవాన్‌లో, అదీ 1910లోనే. 1958లో ఆయన వేడినీళ్లు పోస్తే చాలే నూడుల్స్ పొట్లం తీశాడు. 35 యెన్ వెల. దాని పేరు చికెన్ రామెన్. అంతదాకా ఎక్కువగా చైనా సోబా అని పిలుస్తున్న తిండికి రామెన్ అనే పేరు ఇంటింటికీ చేరింది ఈ పొట్లంతోనే. హిందువులు ఆవుని తినరు, ముసల్మాన్లు పందిని తినరు, కోడిని కాదన్న మజహబ్ లేదని ఆయన తర్వాత రాసుకున్నాడు. దూరం ఆలోచించిన వ్యాపారి. జబీహా సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు.

ఇంకొక మాట. రామెన్ అనే పేరు చైనావాళ్ల లామియన్ నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంటే చేత్తో లాగిన సేమ్యా. ఇవాళ చైనాలో లామియన్‌కి పెట్టింది పేరు లాంజౌ షహర్. చేసేవాళ్లు హుయి ముసల్మాన్లు. పశువుల ఎముకల తేట షోర్బా, ముల్లంగి బిళ్లలు, కొత్తిమీర, ఎర్రటి మిరప నూనె. టోక్యోలో పాత పుస్తకాల బజారు జింబోచోలో లాంజౌ నూడుల్స్ హలాల్ దుకాణం ఉంది. వంటవాడు పిండి ముద్దని సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి దారాలు చేస్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయాను. నన్నడిగితే మధ్యాహ్నం తిండికి దీన్ని మించింది లేదు.

ఇక ధరలు. హిదకాయా అనే గొలుసు దుకాణాల్లో ఒక గిన్నె చాలా ఏళ్లు 390 యెన్‌కే అమ్మారు. టోక్యోలో సస్తా అంటే అది. కానీ అది మనకి కాదు. హలాల్ గిన్నె వెయ్యి యెన్‌కి అటూ ఇటూ పడుతుంది, మన లెక్కలో దాదాపు ఆరొందల రూపాయలు. హలాల్ దుకాణాల్లో కోడి చాలావరకు బ్రెజిల్ నుంచి ఓడలో వస్తుంది, ఖరీదు ఊరికే పెరగలేదు. ఒకచీమాచీ స్టేషన్ దగ్గర అయామ్-యా ఉంది. మలయ్ భాషలో అయామ్ అంటే కోడి. దగ్గర్లోనే మస్జిద్, జుహర్ చదువుకుని తినొచ్చు. యొయొగి-ఉఎహరాలో టోక్యో జామీ ఉంది. రూస్ నుంచి పారిపోయి వచ్చిన తాతార్ ముసల్మాన్లు 1938లో కట్టుకున్న మస్జిద్, పాతది కూల్చాక 2000లో మళ్లీ కట్టారు. కింద హలాల్ దుకాణంలో కప్పు నూడుల్స్ కొని సంచిలో వేసుకోండి, రాత్రి పనికొస్తాయి.

మామూలు దుకాణంలోకి వెళ్లాల్సివస్తే రెండు మాటలు నేర్చుకోండి. బుతా అంటే పంది, తొరి అంటే కోడి. కూరగాయల రామెన్ అన్నా నమ్మొద్దు, షోర్బా ఒకే దేగిశాది కావచ్చు. సాస్‌లో మిరిన్, సకే అనే షరాబులు కలుపుతారు. సోయా పులుసులో తనంతట తాను పుట్టే ఆల్కహాల్ గురించి ఉలెమా రాయలు వేరువేరు. నేను ముఫ్తీని కాను, మీ ఆలిమ్ సాబ్‌ని అడిగే వెళ్లండి.

చివరి రాత్రి మావాడు నన్ను అసకుసాకే తీసుకెళ్లాడు. రైరైకెన్ 1976లోనే మూతపడింది. సెన్సోజీ గుడి దగ్గర నరితాయా అనే హలాల్ రామెన్ దుకాణం ఉంది. మా పక్క బల్ల మీద ఇండొనేషియా కుటుంబం, వాళ్ల పాప నూడుల్స్‌ని జుర్రుమని పీలుస్తోంది. వాళ్లమ్మ వద్దని కళ్లతో చెప్పింది. "ఇక్కడ అదే తమీజ్," అన్నాడు మావాడు నాతో ఉర్దూలో. బిస్మిల్లా అని నేనూ పీల్చాను. కోడి షోర్బా. మూతి కాలింది.