రాగి తీగకు నాలుగు కొలతలు

1858 ఆగస్టులో విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు 98 మాటల సందేశం పంపింది. అట్లాంటిక్ అడుగున వేసిన కేబుల్ గుండా అది అవతలి ఒడ్డు చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. ఈ జాప్యాన్ని భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ నాలుగేళ్ల ముందే లెక్కగట్టాడు. కేబుల్‌లో సంకేతం పోనుపోను సాగి పలచబడుతుందని, పొడవు రెట్టింపైతే జాప్యం నాలుగింతలవుతుందని చెప్పాడు. కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ ఆ లెక్కను నమ్మలేదు. సంకేతం అందడం లేదని వోల్టేజిని సుమారు 2,000 వోల్టుల దాకా పెంచాడు. కొద్ది వారాల్లోనే కేబుల్ పనికిరాకుండా పోయింది.

థామ్సన్ లెక్కలో ఉన్నవి రెండే: తీగ నిరోధం, కెపాసిటెన్స్. ఇండక్టెన్స్‌నీ లీకేజినీ చేర్చి సమీకరణాలను పూర్తిచేసినవాడు ఆలివర్ హెవిసైడ్. పదహారేళ్లకే బడి మానేసి, టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసి, 24 ఏళ్లకు ఆ ఉద్యోగమూ వదిలేసి ఇంట్లో కూర్చుని లెక్కలు చేసిన మనిషి. తీగకు ఇండక్టెన్స్ జతచేస్తే టెలిఫోన్ మాట చెదరకుండా దూరం వెళ్తుందని 1887లో తేల్చాడు. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీర్ ప్రీస్ దాన్ని కొట్టిపారేశాడు. 1900లో అమెరికాలో పుపిన్ అదే ఆలోచనతో చేసిన లోడింగ్ కాయిల్‌కు పేటెంటు పొంది బాగా డబ్బు గడించాడు. హెవిసైడ్‌కు చిల్లిగవ్వ దక్కలేదు. ఈ చరిత్ర మొత్తంలో నా మనసును కలచివేసే ఘట్టం ఇదే.

మాటను కాపాడిన ఆ కాయిలే డేటాకు అడ్డమైంది. మాటకు 3,400 హెర్ట్జ్ చాలు, అంతకు మించినదాన్ని కాయిల్ అణిచేస్తుంది. ఫోను తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే ఏడీఎస్‌ఎల్‌కు 11 లక్షల హెర్ట్జ్ కావాలి. అందుకే కాయిళ్లు పీకేయాల్సి వచ్చింది. హెవిసైడ్ నాలుగు కొలతలు మాత్రం నిలిచాయి. అయితే వాటిని ఒక్కో ఫ్రీక్వెన్సీకి వేరుగా లెక్కించాలి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు రాగి పైపొరలోనే పారుతుంది, నిరోధం పెరుగుతుంది.

బీఎస్‌ఎన్‌ఎల్ 2005లో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాక కూడా మన ఊళ్లలో లైన్‌మన్ చేసే మొదటి పరీక్ష పాతదే. ఇంటి దగ్గర రెండు తీగలూ కలిపి, ఎక్స్ఛేంజి వైపు మీటరు పెడతారు. అర మిల్లీమీటరు రాగి జంటకు కిలోమీటరుకు ఇంచుమించు 170 ఓములు. మీటరు 510 చూపితే ఇల్లు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. జాయింట్లలోకి నీరు దిగిందేమో లీకేజిని కొలిచే మెగ్గర్ చెబుతుంది.

ఈ పరీక్షల్లో దొరకనిది పాత కనెక్షన్ తీసేశాక లైనుకు వేలాడుతూ మిగిలిపోయిన తీగ ముక్క, అంటే కొమ్మ. 50 మీటర్ల కొమ్మ చివరిదాకా వెళ్లిన సంకేతం తిరిగొచ్చి అసలు సంకేతాన్ని 10 లక్షల హెర్ట్జ్ దగ్గర దాదాపుగా చంపేస్తుంది. దాన్ని పట్టడానికి తీగలోకి ఒక పల్సు వదిలి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తారు. మైక్రోసెకనుకు పల్సు సుమారు 200 మీటర్లు పోతుంది.

మోడెం ఆన్ చేశాక లింక్ లైటు నిలకడగా వెలిగేలోపు జరిగేదీ కొలతే. అది బ్యాండ్‌ను 256 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రొద ఎంతో చూసి, అది మోయగలిగినన్ని బిట్లే దానికి కేటాయిస్తుంది. కొమ్మ దెబ్బతీసిన ముక్కలకు సున్నా పెట్టి, మిగతావాటితో లైను నడిపిస్తుంది.