బరాత్‌ల జవాబు వరుస

ఉప్పల్, నాచారం గల్లీలల్ల బరాత్ పోతుంటే క్లారినెట్ ఎత్తుకున్న పల్లవిని అందరు గుర్తుపడ్తరు. ఆ పల్లవికి ట్రంపెట్లు ఇచ్చే జవాబు ఎక్కడిదో ఎవరు అడగరు. ఆ జవాబు వాయించుకుంటనే నాకు డెబ్బై దాటినయి.

వాయిద్యాలు వచ్చింది సికింద్రాబాద్ కంటోన్మెంట్ తొవ్వల. 1798 ఒప్పందంతోని నిజాం రాజ్యంల ఇంగ్లీషోళ్ల పటాలాలు దిగినయి, పటాలం వెంట బ్యాండ్ దిగింది. నా ఉస్తాద్ కూడ ఫౌజీ బ్యాండ్ల స్వరాలు రాసిన కాయితం చూసి వాయించినోడే.

జవాబు మాత్రం బొంబాయిది. 1935ల అమెరికా నుంచి లియోన్ ఆబీ జాజ్ బ్యాండ్ తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చింది. తర్వాతి ఏండ్లల్ల గోవా కళాకారులు రాత్రి హోటళ్లల్ల జాజ్, పగలు సినిమా రికార్డింగులు వాయించిండ్రు. ఆళ్లల్ల ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్ 1951 నాటి ‘అల్‌బేలా’ సినిమాల తన బ్యాండ్‌తోని తెరమీదనే కనిపిస్తడు. బిగ్ బ్యాండ్ల శాక్సఫోన్లు ఒక వరుస, ట్రంపెట్లు ఒక వరుస, ట్రాంబోన్లు ఒక వరుస. ఒక వరుస అడిగితే ఇంకో వరుస పలుకుతది. సినిమా పాటల ఒదిగిన ఆ పద్ధతి రేడియోల నుంచి మా బరాత్‌లకు దిగింది. 1976ల ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో మా నాచారంలనే పెట్టిండు గాని, మాకు గురువు రేడియోనే.

ముసలితనంల ట్రంపెటోన్ని ముందుగల్ల దెబ్బకొట్టేది పండ్లు. మౌత్‌పీస్ పెదవికి ఆనుతది, పెదవికి దన్ను ముందటి పండ్లు. అవి కదిలితే పై స్థాయి అందదు. కట్టుడు పండ్లు పెట్టుకున్నంక పెదవి పట్టు మళ్ల మొదటి నుంచి నేర్చుకోవాలె. నేను పై స్వరాలు పోరగాండ్లకు ఇచ్చి కింది స్థాయి పట్టుకున్న. అక్కడ ఊపిరి ఒత్తిడి తక్కువైనా నాదం నిండుగ ఉంటది, మీదోళ్లకు ధైర్యమిస్తది. సినిమా పాటలల్ల శాక్సఫోన్ వాయించిన మనోహరి సింగ్ 2010ల 79 ఏండ్లకు పోయిండు. ఆఖరి దినాలదాంక వేదికలమీద వాయించిండు. ఆయనను తలుచుకుంటె నాకు బలమొస్తది.

డీజే బండి పక్కకొస్తే మా వాయిద్యం మాకే వినపడదు. అందుకే బయానా తీసుకునేటప్పుడే చెప్త: ఇంటి కాడ నుంచి మండపం దాంక మాది, తర్వాత డీజేది. చాలమంది ఒప్పుకుంటరు.

ఇప్పుడు కొత్త పోరగాండ్లకు కాయితం చదువుడు నేర్పుతున్న. పల్లవి ఫోన్ల విని పట్టుకుంటరు, కింది జవాబు మాత్రం చెవికి తొందరగ చిక్కదు.