జుమ్లా హుఖూఖ్ మెహ్ఫూజ్: ఇజ్జత్ ఒక హఖ్, రోజీ ఇంకో హఖ్

ఉర్దూ కితాబ్ తెరిచి మొదటి సఫా తిప్పితే, ముద్రణ వివరాల మధ్య మూడు లఫ్జులు కనిపిస్తాయి: జుమ్లా హుఖూఖ్ మెహ్ఫూజ్. సర్వ హక్కులూ భద్రం అని అర్థం. ఉర్దూ మీడియం బడిలో చదివిన రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అవి ఎవరి హక్కులు, ఎవరి నుంచి భద్రం అని మేం అడిగిందీ లేదు, ఉస్తాద్‌లు చెప్పిందీ లేదు. అఖ్బార్ ఉద్యోగంలోకి వచ్చాక, ఒకరు మెహనత్ చేసి రాసింది ఇంకొకరి పేరుతో తిరగడం చూశాక, ఆ మూడు లఫ్జుల వెనక కథ వెతకడం మొదలుపెట్టాను.

"కాపీరైట్ అంగ్రేజ్‌ల ఖానూన్. మన దగ్గర ఇల్మ్ అందరిదీ. దానికి తాళం వేయడం మన తహ్జీబ్ కాదు" అని మనవాళ్లు తరచూ అంటారు. ఇందులో సగం నిజం. ఇల్మ్ పంచాలి, దాచకూడదు. కానీ ఎవరి ఇల్మో చెప్పకుండా పంచడాన్ని మన పెద్దలు ఎన్నడూ మెచ్చుకోలేదు.

హదీస్‌నే తీసుకోండి. అసలు మాట కంటే ముందు సనద్ వస్తుంది: ఫలానా వారు ఫలానా వారి నుంచి విన్నారు, వారు ఫలానా వారి నుంచి విన్నారు అని. కితాబ్‌ల విషయంలోనూ ఆ జాగ్రత్త ఉండేది. షాగిర్ద్ ఉస్తాద్ ముందు కూర్చుని కితాబ్ చదివి వినిపించి, దాన్ని ఇతరులకు చెప్పేందుకు ఇజాజత్ తీసుకునేవాడు. చేతిరాత ప్రతుల కాలంలో బగ్దాద్‌లో వర్రాఖ్‌లు ఉండేవారు. కాగితం, ప్రతులు రాయడం, కితాబ్‌ల అమ్మకం అంతా వాళ్ల పనే. 10వ శతాబ్దంలో 'ఫిహ్రిస్త్' రాసిన ఇబ్నె నదీమ్ అలాంటి వర్రాఖే. అరబీలో దొరికే కితాబ్‌లను, వాటిని రాసినవారిని పేరుపేరునా నమోదు చేసి పెట్టాడు.

సాహిత్య చోరీకి కూడా మన దగ్గర పాత పేరుంది: సరిఖా. మహాకవి ముతనబ్బీ మీద ఎన్ని సరిఖా ఆరోపణలు వచ్చాయంటే, ఆయన ఎవరి నుంచి ఏం తీసుకున్నాడన్న దాని మీదే కితాబ్‌లు పుట్టాయి. అదే శతాబ్దంలో ఖాజీ జుర్జానీ తన 'వసాతా'లో ముతనబ్బీకీ ఆయన విరోధులకూ మధ్య నిలబడి, నిజమైన ఖాజీలాగే ఇరుపక్షాలనూ తూచాడు.

ఆ చర్చల్లో తేలిన తేడాలు ఫార్సీ మీదుగా ఉర్దూ అదబ్ దాకా వచ్చాయి. ఇద్దరు షాయర్లకు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే భావం తడితే అది తవారుద్. తప్పు కాదు. ఇంకొకరి మిస్రాను అందరికీ తెలిసేలా తన షాయరీలో పొదిగితే అది తజ్మీన్. అది గౌరవం. దాచిపెట్టి తనదని చెప్పుకుంటేనే సరిఖా. మజ్మూన్ అందరిదీ, దాన్ని చెప్పిన లఫ్జుల అల్లిక మాత్రం అల్లినవాడిది.

ఇప్పటి ఖానూన్ చెప్పేదీ దాదాపు ఇదే. తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని కాపీ కొట్టి 1956లో 'న్యూ ఢిల్లీ' సినిమా తీశారని ఆర్.జి. ఆనంద్ అనే రచయిత కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో ఆయన ఓడిపోయారు. ప్రాంతీయ దురభిమానం అనే మజ్మూన్ రెండింట్లోనూ ఉంది. కానీ ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది అంది కోర్టు. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ. కాపీరైట్ కేసులొస్తే వకీళ్లు ఇవాళ్టికీ ఆ తీర్పే తీస్తారు.

అయితే మన పాత పద్ధతిలో ఒక పెద్ద లోటు ఉంది. అది షాయర్ ఇజ్జత్ చూసుకుంది గానీ రోజీ చూసుకోలేదు. సరిఖా చేసినవాడు మహ్ఫిల్‌లో తల దించుకునేవాడు, అంతటితో సరి. పోగొట్టుకున్నవాడికి దక్కేది ఏమీ లేదు. షాయర్‌కు అన్నం పెట్టేది కితాబ్ కాదు, దర్బార్ కాబట్టి ఆ లోటు చాలాకాలం ఎవరికీ కనిపించలేదు. దాగ్ దెహ్లవీ హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్ అయ్యారు. వజీఫా మీద దర్జాగా బతికి 1905లో ఇక్కడే కన్నుమూశారు. నాంపల్లిలో యూసుఫైన్ దర్గాకు వెళ్లినవారు ఆయన ఖబర్ చూడొచ్చు. కానీ దాగ్ నసీబ్ ఎంతమందికి దొరుకుతుంది?

అప్పటికే ఛాపాఖానా వచ్చి లెక్క మార్చేసింది. ఉర్దూ అచ్చు ఎక్కువగా లితో పద్ధతిలో సాగింది. కాతిబ్ ప్రత్యేకమైన సిరాతో కాగితం మీద రాస్తే, ఆ రాత రాతిపలక మీదికి దిగేది. దాని నుంచి ప్రతులు తీసేవారు. సీసపు అక్షరాలు అక్కర్లేదు, ఖర్చు తక్కువ. అంటే ఒక కాతిబ్‌ను పెట్టుకుంటే ఎవరి కితాబ్‌నైనా ఎవరైనా మళ్లీ అచ్చేయొచ్చు. ఇజాజత్ లేకుండా ఎవరూ అచ్చు వేయవద్దని కితాబ్‌ల మీదే రాసుకోవాల్సి వచ్చింది.

గాలిబ్ సంగతి చూడండి. ఆయన మొదట్లో 'అసద్' అనే తఖల్లుస్‌తో రాసేవారు. అదే పేరున్న మరో షాయర్ రాసిన నాసిరకం షేర్‌ను ఎవరో ఆయనదే అనుకుని మెచ్చుకున్నారనీ, అది తనది కాదని ఆయన మొత్తుకోవాల్సి వచ్చిందనీ ఉర్దూ అదబ్‌లో అందరికీ తెలిసిన కథ. ఇవాళ ఆయన పేరుతో తిరిగే ఊరూ పేరూ లేని షేర్లు చూస్తే పాపం ఏమనేవారో! 1861లో ఢిల్లీలో ఆయన దీవాన్ తప్పులతడకగా అచ్చయింది. మనసు కష్టపెట్టుకుని, తప్పులు దిద్దిన ప్రతిని కాన్పూర్ పంపితే 1862లో అక్కడి నిజామీ ప్రెస్ మళ్లీ అచ్చు వేసింది. ఆయన జీవితకాలంలోనే ఆ ఉర్దూ దీవాన్ ఐదుసార్లు అచ్చయింది. అయినా ఆయన ఇల్లు గడిచింది దాని మీద కాదు. ఇంగ్లీషు సర్కారు పెన్షన్ మీద, 1859 నుంచి రాంపూర్ నవాబ్ పంపిన నెలకు 100 రూపాయల మీద.

అప్పటికి ఖానూన్ లేక కాదు. ఈస్ట్ ఇండియా కంపెనీ ఏలుబడిలో 1847లోనే కాపీరైట్ చట్టం వచ్చింది. 1867 చట్టంతో అచ్చయిన ప్రతి కితాబ్ సర్కారు రిజిస్టర్‌లోకి ఎక్కడం మొదలైంది. అందులో కాపీరైట్ ఎవరిదో రాసే గడి కూడా ఉండేది. 1914 చట్టం బ్రిటన్ ఖానూన్‌ను కొద్ది మార్పులతో ఇక్కడికి తెచ్చింది. తర్జుమా మీద రచయిత హక్కును మాత్రం మామూలుగా 10 ఏళ్లకే పరిమితం చేసింది. ఒక జబాన్ నుంచి ఇంకో జబాన్‌కు సాహిత్యం నడిచే దేశం మనది కదా! చివరికి స్వతంత్ర భారత్ చేసుకున్న 1957 చట్టం 1958 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

మొదట రచయిత మరణం తర్వాత 50 ఏళ్ల దాకా హక్కు ఉండేది. 1938లో పోయిన ఇక్బాల్ కలామ్ ఆ లెక్కన 1989 నుంచి మన దేశంలో అందరిదీ అయింది. 1941లో పోయిన టాగోర్ గడువు దగ్గరపడగానే 50ని 60 చేశారు. కాబట్టి మన మఖ్దూమ్ మొహియుద్దీన్ కలామ్‌కు ఇంకా హక్కుదారులున్నారు. మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టిన ఆ షాయర్ 1969లో కన్నుమూశారు. ఆయన రాసినదానికి 2029 డిసెంబర్ 31 దాకా రక్షణ ఉంది. ఆయన నజ్మ్ 'చారాగర్' 1964లో 'చా చా చా' సినిమాలో పాటయింది. ఆ పాట విన్నవాళ్లలో రఫీ, ఆశా పేర్లు చెప్పేవారు చాలామంది. మఖ్దూమ్ పేరు చెప్పేవారు ఎంతమంది?

సినిమా పాట దగ్గరే రోజీ పోరాటం ముదిరింది. నిర్మాత డబ్బిచ్చి రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు పాట హక్కుకు మొదటి యజమాని నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. పాట దశాబ్దాల పాటు రేడియోలో, క్యాసెట్‌లో మోగినా రాసినవారికి అందింది ఆ మొదటి చెక్కే. 2010లో రాజ్యసభకు నామినేట్ అయిన జావేద్ అఖ్తర్ ఈ బేఇన్సాఫీ మీద గట్టిగా నిలబడ్డారు. 2012 సవరణతో రాతకారుడికీ, స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఖాయమైంది. సినిమా హాల్లో సినిమాతో పాటు ఆడినప్పుడు తప్ప, ఇంకెక్కడ వాడినా ఆ వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నానని కాగితం రాయించుకున్నా చెల్లదు. ఇక 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్మేసుకున్నా తన రచన తనదేనని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. ఇజ్జత్, రోజీ రెండూ ఖానూన్‌లో పక్కపక్కన చేరింది అప్పుడే.

మరి షరీఅత్ ఏమంటుంది? కితాబ్ కొన్నవాడు దానికి మాలిక్, నకలు తీసుకుంటే తప్పేంటి అని మన బర్రె సఘీర్‌లో కొందరు ఉలమా మొదట్లో అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత చర్చ ముందుకు సాగింది. 1988 డిసెంబర్‌లో కువైట్‌లో జరిగిన సమావేశంలో జెద్దా ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానం చేసింది: రచన, ఆవిష్కరణల మీద హక్కులు షరీఅత్ గుర్తించే హక్కులే, వాటి మీద జులుమ్ చేయడం జాయిజ్ కాదు అని. ఖురాన్ మూలం ఎవరి సొత్తూ కాదు. కానీ ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని తెలుగు చేసినవారి లఫ్జులు వారి మెహనత్.

ఇదంతా మన ఇళ్లకు సంబంధించిన మాటే. షాదీలోనో, మస్జిద్ జల్సాలోనో నాత్ చదివితే ఖానూన్ అడ్డుచెప్పదు, అలాంటి సందర్భాలకు చట్టంలోనే మినహాయింపు ఉంది. అదే నాత్‌ను రాసినవారి పేరు తీసేసి, యూట్యూబ్ ఛానల్లో పెట్టుకుని పైసలు సంపాదిస్తే లెక్క వేరు. తెలుగులో మన బతుకులు రాసే ముస్లిం రచయితలు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఎక్కువమంది జేబులోంచి పెట్టి కితాబ్ వేసుకుంటారు. 500 కాపీలు పోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ కితాబ్‌ను ఎవరో స్కాన్ చేసి గ్రూపులో పెడితే "సవాబ్ కా కామ్" అని మెచ్చుకుంటాం. రెండో కితాబ్ రాకపోతే మాత్రం మనవాళ్లు రాయడం లేదని బాధపడతాం.

కాబట్టి పిల్లలకు షేర్ నేర్పితే షాయర్ పేరుతో నేర్పండి. ఫార్వర్డ్ చేసే ముందు రాసినవారి పేరు ఉందో లేదో చూడండి. అచ్చులో దొరికే కితాబ్‌ను కొనండి, దొరకనిదాన్ని రాసినవారినో, వారి వారసులనో అడిగి తీసుకోండి. ఇజాజత్ అడిగితే కాదనే రచయితలు చాలా తక్కువ.