డుంబ్రిగుడ దారిలో లారీ వంట

మన సంఘ సభ్యుల కుటుంబాలలో లారీతో సంబంధం లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. ఒకరు డ్రైవరు, ఒకరు మెకానిక్కు, ఒకరు బాడీ కట్టే మేస్త్రి, ఇంకొకరు పంక్చరు షాపు. అయినా రోడ్ల చరిత్ర రాసినవారు రోడ్డు ఎవరు వేశారో రాశారు, ఏ సరుకు పోయిందో రాశారు గాని, ఆ సరుకు తోలినవాడు ఏమి తిన్నాడో, అది ఎవరు వండారో రాయలేదు. విశాఖపట్నం నుండి శృంగవరపుకోట, అనంతగిరి, అరకు మీదుగా డుంబ్రిగుడ, పాడేరు పోయే దారిని తీసుకుని ఆ సంగతి కొంత చెప్పాలని మా ప్రయత్నం.

మోటారు రాకముందు ఈ కొండల అవతలికి ఉప్పు ఎద్దుల వీపు మీద వెళ్ళేది. తీరంలోని ఉప్పును బంజారాలు జయపురం, బస్తరు వైపు తోలి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవారు. తాండా మొత్తం కదిలేది. ఆడవాళ్ళు, పిల్లలు, కుండలు, అన్నీ వెంటే. కాబట్టి దారిలో వంట ఎవరు చేయాలన్న ప్రశ్నే వారికి రాలేదు. ఉత్తరాదిన 1540 నుండి 1545 వరకు ఏలిన షేర్షా సూరి రెండు కోసులకొక సరాయి కట్టించి, హిందువులకూ ముస్లింలకూ వేరువేరుగా వసతి పెట్టించాడని మేము పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. ఆ సరాయిలు అనంతగిరి ఘాటు దాకా రాలేదు లెండి.

1960లలో కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం వేశారు. అది బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసినది, చింతపండు బస్తా కోసం కాదు. సంతలకూ, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలకూ బియ్యం, ఉప్పు, కిరసనాయిలు ఎక్కించాలన్నా, పైనుండి చింతపండు, పసుపు, పిప్పళ్ళు, వలిసెలు దించాలన్నా లారీయే దిక్కు. అయితే లారీ తాండాలాగా కుటుంబాన్ని వెంట తీసుకుపోదు. అందులో ఉండేది ఇద్దరే, డ్రైవరు, క్లీనరు. వంట క్లీనరు నెత్తిన పడింది.

క్లీనరుగా చేరిన కుర్రాడికి ఉస్తాద్ వెంటనే స్టీరింగు ముట్టనివ్వడు. ముందు అన్నం వండటం, తరువాత గ్రీజు పెట్టడం, ఘాటులో బండి ఆగితే చక్రం వెనక దుంగ వేయడం, ఆ తరువాతే మిగిలినవి. వంట సామాను ఒక చెక్కపెట్టెలో సర్దుకోవాలి: పంపుస్టవ్వు, రెండు సత్తుగిన్నెలు, ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిపాయలు, ఒక పొట్లంలో ఎండు రొయ్యలు. స్టవ్వుకు గాలి కొట్టకుండా చక్రం చాటున పెట్టి, పట్టా ఒక కొస దించి తెర కడతారు. డీజిలు ట్యాంకు వైపు మాత్రం పెట్టనివ్వరు. ఘాటు ఎక్కేసరికి ఇంజను కాగిపోతుంది, రేడియేటరుకు నీళ్ళు కావాలి. కాబట్టి వాగు ఉన్నచోటే బండి ఆగుతుంది, అక్కడే పొయ్యీ వెలుగుతుంది. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి వాగు ఈనాడు పిక్నిక్కు చోటు. లారీవారికి అది బిందె ముంచుకునే చోటు.

ఇంకొక చిక్కు ఉంది. అరకు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తున నీళ్ళు 100 డిగ్రీలకు కాక 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు ఒక పట్టాన మెత్తబడదు. తెలిసిన క్లీనరు కింద ఎస్.కోటలోనే పప్పు నానబోసుకుని ఎక్కుతాడు. ఈ సైన్సు ఏ మాస్టరూ వారికి చెప్పలేదు.

ఇంత తంటా ఎందుకంటే మొదటి కారణం బత్తా. ఓనరు ఇచ్చిన బత్తాలో మిగిలిందే ఇంటికి చేరుతుంది. హోటల్లో రెండు పూటలా తింటే మిగిలేదేముంది? రెండవది, మనవారికి హలాల్ సంగతి. సంతలో బతికిన నాటుకోడి దొరుకుతుంది, జబహ్ తామే చేసుకోవచ్చు. మసాలా నూరే తీరిక ఉండదు, ఉల్లి, కారం, ఉప్పుతోనే సాలన్ దించేస్తారు. ఉస్తాద్ సాయిబు, క్లీనరు తెలుగువాడు, లేదా అటుదిటు. ఎలా ఉన్నా గిన్నె ఒక్కటే. షేర్షా సరాయిలో వేరువేరుగా జరిగినది ఇక్కడ ఒకే పొయ్యి మీద జరిగింది.

ఇక చట్టం మాట. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంది, 5 గంటలు దాటకముందే అరగంట విశ్రాంతి అంది. 100 మంది కార్మికులు వచ్చిపోయే చోట క్యాంటీను, రాత్రి ఆగే చోట విశ్రాంతి గది ఉండాలంది. చిన్నపిల్లలను పనిలో పెట్టుకోరాదంది. అంతా బాగుంది. కాని అది మామూలుగా అయిదుగురు, ఆపై కార్మికులున్న సంస్థలకు వర్తించినది. ఒక్క లారీ ఓనరు దగ్గర ఉండేది ఇద్దరు! పైగా అరగంటలో ఆ ఘాటు మీద పప్పు ఉడకదు. మా ఉర్దూ మీడియం బడిలో ఏడవ తరగతి మధ్యలో మానేసిన పిల్లలు ఎక్కడికి పోయారని వాకబు చేస్తే, ఎన్నోసార్లు లారీ పేరే వినవచ్చింది. ఇంట్లో గ్లాసెడు నీళ్ళు ముంచుకోని పిల్లవాడు అక్కడ ఇద్దరికి అన్నం వండుతున్నాడని తల్లి చెబితే, అది గర్వమో దుఃఖమో మాకు పోల్చుకోవటం కష్టమయ్యేది.

2020 మార్చి 25 నుండి లాక్‌డౌను వచ్చి ధాబాలు మూతపడినప్పుడు స్టవ్వున్న లారీయే తిన్నది. రోడ్ల మీద ధాబాలు తెరవవచ్చని కేంద్ర హోంశాఖ చెప్పింది ఏప్రిల్ 15న. ఇప్పుడు జార్ఖండు డ్రైవరు రాజేష్ రవాని లారీలో వండే వంటలను యూట్యూబులో లక్షలమంది చూస్తున్నారు. సంతోషమే. మన క్లీనర్లు ఏళ్ళ తరబడి వండింది మాత్రం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు క్లీనరే కరువైపోతున్నాడు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన కూడా 2018లో పోయింది. పిల్లవాడు లారీ ఎక్కకుండా బడిలో ఉంటే మాకు అంతకన్నా కావలసింది లేదు. కాని ఆ ఖాళీలో ఓనరు ఎవరినీ పెట్టడం లేదు. డుంబ్రిగుడ దారి నేడు 516-ఇ జాతీయ రహదారి. అరకు చుట్టుపక్కల బొంగు చికెన్ దుకాణాలు టూరిస్టుల కోసం వెలిశాయి, బత్తా డబ్బులకు అందేవి కావు. డ్రైవరు ఒంటరిగా బండి ఆపి, దుంగ తానే వేసి, చిన్న గ్యాసు పొయ్యి మీద కుక్కరు పెట్టి, ఇంటి నుండి తెచ్చుకున్న పచ్చడితో తిని, గిన్నె తానే కడుక్కుని మళ్ళీ స్టీరింగు పట్టుకుంటున్నాడు.