అర్జీ నుంచి డిమాండుకు: జంషెడ్‌పూర్‌లో ఇంగ్లీషు అడిగే తీరు

మనవాళ్ల ఇంగ్లీషు మర్యాద గురించి రెండు అభిప్రాయాలు చాలాకాలంగా చలామణిలో ఉన్నాయి. తెలుగులో ‘ప్లీజ్’కు ఇంట్లో వాడుకునే మాట లేదు కాబట్టి మనం ఇంగ్లీషులో ఏదైనా అడిగితే ఆజ్ఞాపించినట్టు ఉంటుందన్నది మొదటిది. మన ఆఫీసు ఉత్తరాలు ‘ఐ బెగ్ టు స్టేట్’, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అంటూ అతివినయంతో వంగిపోతాయన్నది రెండోది. రెండింటికీ మాతృభాషే మూలమని చెబుతారు. ఒకే భాష ఒకే మనిషిని అటు మొరటుగానూ ఇటు అతివినయంగానూ తయారుచేస్తుందనడం నాకు నమ్మదగ్గదిగా కనిపించదు. కారణం వెతకాల్సింది వ్యాకరణంలో కాదు, ఎవరు ఎవరిని ఏ కాగితం మీద అడిగారన్న దాంట్లో. జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల చరిత్ర దీనికి మంచి ఆధారం.

ఇంగ్లండు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. షేక్‌స్పియర్ పాత్రలు ‘ఐ ప్రే యూ’, ‘ప్రిథీ’ అని అడుగుతాయి. ఇప్పటి ‘ప్లీజ్’, ‘ఇఫ్ యూ ప్లీజ్’ లాంటి షరతు వాక్యాల నుంచి విడివడి ఒంటరిగా నిలిచిన ముక్క. ‘కెన్ యూ’, ‘కుడ్ యూ’ అనే పద్ధతి మాత్రం ఇంగ్లీషువాళ్లకు తాతముత్తాతల నాటిదని అందరూ అనుకుంటారు. జొనాథన్ కల్పెపర్, జేన్ డెమెన్ 2011లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది. సామర్థ్యాన్ని ప్రశ్నించినట్టుగా అడిగే ఈ రూపాలు పందొమ్మిదో శతాబ్దంలో కూడా అరుదేననీ, ఎవరి వ్యవహారంలోనూ తలదూర్చకూడదన్న విక్టోరియా కాలపు వ్యక్తివాదంతో పాటు పెరిగాయనీ వారి వాదన.

ఇది మనకు చాలా ముఖ్యం. మెకాలే నివేదిక 1835 నాటిది. అంటే మన బడుల్లోకీ కచేరీల్లోకీ ఇంగ్లీషు వచ్చేనాటికి ‘కుడ్ యూ’ ఇంగ్లండులోనే ఇంకా స్థిరపడలేదు. మనకు అందింది పార్లమెంటుకూ కోర్టులకూ పెట్టుకునే విన్నపాల భాష, ‘హంబ్లీ షోయెత్’ అని మొదలై ‘షల్ ఎవర్ ప్రే’ అని ముగిసే భాష. దానికి మన దగ్గర ఆసరా కూడా దొరికింది. ‘మ.రా.రా.శ్రీ’ అని మొదలుపెట్టి ‘చిత్తగించవలెను’ అని రాసే అలవాటు మనకు అప్పటికే ఉంది. రెండు కచేరీ భాషలు కలిశాయి. 1897లో ఇంగ్లీషు రచయిత ఎఫ్. ఆన్‌స్టీ ‘బాబూ జబర్జీ’లో భారతీయుడి ఇంగ్లీషు అంటూ వెక్కిరించింది తన దేశపు పాత భాషనే. దాన్ని మన మాతృభాష తప్పుగా ఒప్పుకుని మనం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

ఇక తెలుగులో మర్యాద లేదన్న మాట. శ్రీకాకుళం పల్లెలో ‘దయచేసి’ అని ఎవరూ ఉప్పు అడగరు, నిజమే. కానీ ‘ఓపాలిలా సూసి పెట్టండి బాబూ’ అన్న మాటలో వినయం నాలుగు చోట్ల ఉంది: ఒక్కసారే అని పని తగ్గించి చెప్పడంలో, ‘పెట్టు’ అనే సాయక్రియలో, ‘అండి’లో, ‘బాబూ’లో. ‘వీలైతే’, ‘మీరొస్తే బాగుణ్ణు’ అనే చేదర్థకాలు, అంటే షరతు రూపాలు, మన పెద్దవాళ్ల నోట రోజూ వినిపిస్తాయి. ఇంగ్లీషు వినయాన్ని సహాయక్రియలో పెడుతుంది. తెలుగు క్రియ చివరా, పిలుపులోనూ పెడుతుంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఈ ‘అండి’ రాలిపోతుంది, దాని చోట నింపడానికి బడి ఇచ్చింది ‘ప్లీజ్’, ‘కైండ్లీ’ మాత్రమే.

ఆ శ్రీకాకుళం వైపు నుంచే, గంజాం నుంచీ, జనం బెంగాల్ నాగపూర్ రైలెక్కి కొత్త ఉక్కు ఊరికి వెళ్లారు. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చిలో 1912లో ఉక్కు పోశారు. 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కార్ఖానా నడిపినవాళ్లలో అమెరికన్లు ఎక్కువ. సలహా ఇంజనీరు పెరిన్, జనరల్ మేనేజర్ టట్‌విలర్, తరువాత కీనన్, అందరూ అమెరికన్లే. కొలిమి దగ్గర వినిపించే ఇంగ్లీషు ఆజ్ఞల ఇంగ్లీషు. కరిగిన ఇనుము పక్కన ‘వుడ్ యూ మైండ్’కు చోటుండదు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ కింది నుంచి పైకి వెళ్లేది మాత్రం అర్జీ: సెలవు కోసం, క్వార్టరు కోసం, తీసేసిన ఉద్యోగం కోసం. చదువురాని కూలీ తరఫున గుమాస్తా రాసేవాడు. పైనుంచి ఆజ్ఞ, కిందినుంచి ప్రార్థన. మొదట చెప్పిన మొరటుతనమూ అతివినయమూ రెండూ ఇక్కడే ఉన్నాయి, ఒకే గేటుకు రెండు వైపులా.

ఈ పద్ధతిని మార్చింది కాన్వెంటు చదువులని చెప్పడం పరిపాటి. లొయోలా స్కూలు 1947లో వచ్చింది, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949లో. కానీ మార్పు అంతకు చాలా ముందే మొదలైందని, 1920 నుంచి 1928 దాకా జరిగిన సమ్మెలే దాని కారణమని నా అభిప్రాయం. 1920 సమ్మెలోనే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టింది. 1922లో మళ్లీ సమ్మె. 1925లో గాంధీ వచ్చి వెళ్లాక కంపెనీ సంఘాన్ని గుర్తించింది. అప్పటిదాకా ఒక్కొక్కడుగా వేడుకున్నవాళ్లు అందరి తరఫున అంకెలు వేసిన కోర్కెల పత్రం ముందు పెట్టగలిగారు. 130 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ఖరగ్‌పూర్‌లో, తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న రైల్వే కార్ఖానాలో, 1927 సమ్మెను నడిపినవారిలో వి.వి. గిరి ఒకరు. ఆయన బరంపురం తెలుగువాడు, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, ఐరిష్ కార్మికోద్యమాన్ని దగ్గరగా చూసినవాడు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ఈ కొత్త భాషకు చట్టబద్ధతనిచ్చింది.

దీన్ని అతిగా చెప్పకూడదు. కూలీల్లో ఎక్కువమందికి ఇంగ్లీషే రాదు, సభలు హిందుస్తానీలో జరిగేవి. సంఘాన్ని నడిపినవాళ్లలో న్యాయవాదులు ఉన్నారు కాబట్టి వాళ్ల ఉత్తరాల్లో కోర్టు వినయం పూర్తిగా పోయి ఉండదు. 1928 సమ్మెకు వచ్చిన సుభాష్ చంద్ర బోస్ సెప్టెంబరులో కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంటే, మరో కార్మిక నాయకుడు మానెక్ హోమీ దాన్ని ఒప్పుకోక వేరే ఫెడరేషన్ పెట్టాడు. ఎంత మెత్తగా అడగాలి, ఎక్కడ అడగడం మానేసి పట్టుబట్టాలి అన్న తగాదా కార్మికుల మధ్యే నడిచిందన్నమాట. అయినా నా వాదన నిలుస్తుందనుకుంటాను. గుర్తింపు పొందిన సంఘం తరఫున రాసేవాడికి ‘ఐ బెగ్’ అనే అవసరం లేదు. మర్యాదగా అడగడమంటే సమానులు సమానుల్ని అడగడం అన్న అర్థం ఆ ఊరి ఇంగ్లీషుకు అప్పుడే సాధ్యమైంది. కంపెనీ, సంఘం చేసుకున్న 1956 ఒప్పందంతో యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే కమిటీలకు దారి ఏర్పడింది. కాన్వెంటు పిల్లలు నేర్చుకున్న ‘కుడ్ యూ’కు ఊళ్లో చోటు చూపింది ఇదే.

ఈనాటి పరిస్థితి చూస్తే నాకు సంతృప్తి లేదు. ఊళ్లోని కదమా, సోనారీ పేటల్లో మూడోతరం తెలుగు పిల్లలు ‘కెన్ యూ ప్లీజ్’ అని ధారాళంగా అంటారు. ఇంట్లో తాతగారిని ‘మీరు’ అనే అలవాటునూ చాలామంది నిలుపుకున్నారు, అది నాకు సంతోషం. కానీ ఈమెయిళ్లలో ‘ఐ వుడ్ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ’ అంటూ మూడు వినయాలు ఒకదాని మీద ఒకటి పేర్చి రాస్తున్నారు. ఇందులో ‘వుడ్’ సమానుల మధ్య దూరాన్ని గౌరవించే షరతు కాదు, పాత ‘బెగ్’కే కొత్త చొక్కా. అది మళ్లీ కింది నుంచి పైకే పోతోంది. పర్మనెంటు ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పనులు పెరిగిన కొద్దీ అందరి తరఫున రాసే కాగితం అరుదవుతోంది, ఒక్కొక్కరూ రాసుకునే విన్నపం పెరుగుతోంది. పాఠ్యపుస్తకాలు ‘కెన్’, ‘కుడ్’, ‘వుడ్ యూ మైండ్’లను మర్యాద మెట్లుగా వరసపెట్టి పైమెట్టే ఉత్తమమని నేర్పుతున్నాయి. రావాల్సిన జీతం అడిగేటప్పుడు ఏ మెట్టు మీద నిలబడాలో అందులో లేదు. ‘నా జీతం ఫలానా తేదీకి ఇవ్వాలి’ అని షరతు లేకుండా, దురుసుతనమూ లేకుండా ఇంగ్లీషులో రాయడం ఆ పాఠంలో మొదటి అభ్యాసంగా ఉండాల్సింది.