సోలార్ పంపు సబ్సిడీ పేరుతో మెయిల్ వచ్చిందా? డబ్బు కట్టేముందు హెడర్ చూడండి

పీఎం కుసుమ్ పథకం 2019లో మొదలైంది. దాని పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజులు గుంజుతున్నారని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ పలుమార్లు హెచ్చరించింది. పోయిన నెల ఒక రైతు ఇలాంటి మెయిల్ నాకు చూపించారు. పంపినవారి చోట మంత్రిత్వ శాఖ పేరు, లోపల మూడు సింహాల ముద్ర, సాయంత్రంలోగా డబ్బు కట్టమని గడువు. ఈ పథకంలో రైతు తన వాటా కట్టాల్సిన మాట నిజమే కాబట్టి డబ్బు అడిగినా అనుమానం రాదు.

మెయిల్‌లో కనిపించే పంపినవారి పేరు ఉత్తరం కవరు మీద రాసిన పేరు లాంటిది. ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. ఉత్తరం ఏ ఊరిదో పోస్టాఫీసు ముద్రలు చెప్పినట్టే, మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో హెడర్ చెబుతుంది.

జీమెయిల్ ఫోన్ యాప్‌లో హెడర్ కనిపించదు, కంప్యూటర్‌లో తెరవాలి. నెట్ సెంటర్‌లో చూస్తే పని అయ్యాక లాగవుట్ చేయడం మరవకండి. మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' ఎంచుకోండి. పైన చిన్న పట్టిక వస్తుంది. అందులో ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు పరీక్షల ఫలితాలు ఉంటాయి. 'ఫెయిల్' అని ఉంటే ఆ మెయిల్‌ను నమ్మకండి. 'పాస్' అని ఉన్నంత మాత్రాన నిజమైనదని కాదు. మోసగాడు సొంత చిరునామా కొనుక్కుని పంపినా పాస్ అవుతుంది. అందుకే డీకేఐఎం పక్కన ఏ చిరునామా ఉందో చదవండి. కేంద్ర ప్రభుత్వ మెయిళ్లు సాధారణంగా 'డాట్ జీఓవీ డాట్ ఇన్' లేదా 'డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్'తో ముగుస్తాయి. జీఓవీకి ముందు చుక్క బదులు అడ్డగీత ఉన్నా, ఇన్ తర్వాత ఇంకేదైనా ఉన్నా అది ప్రభుత్వానిది కాదు. ఆ రైతు మెయిల్‌లో అడ్డగీతే ఉంది. 'రిప్లై టు' దగ్గరేమో మామూలు జీమెయిల్ చిరునామా.

కింద 'రిసీవ్డ్' అని మొదలయ్యే వరుసలుంటాయి. మెయిల్ దాటి వచ్చిన ఒక్కో సర్వర్ ఒక్కో వరుస వేస్తుంది. వీటిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే కిందిది మొదటి మజిలీ, కానీ కింది వరుసలను మోసగాడు కల్పించి పెట్టగలడు. అన్నిటికంటే పైన మీ మెయిల్ కంపెనీ వేసినవి నమ్మదగినవి. వాటిలో కనిపించే ఐపీ నంబరుతో ఏ కంపెనీ సర్వరు నుంచి మెయిల్ వచ్చిందో తెలుస్తుంది. మనిషి పేరు, ఇల్లు తెలియవు. జీమెయిల్ నుంచి పంపితే గూగుల్ సర్వర్ నంబరే కనిపిస్తుంది. ఆ పైన ఆచూకీ తీయడం పోలీసుల పని.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు వేరే ఖాతాల్లోకి పోతుంది. సిగ్గుపడి ఆ మెయిల్‌ను చెరిపేయకండి. స్క్రీన్‌షాట్‌లో హెడర్ ఉండదు, మామూలుగా ఫార్వర్డ్ చేసినా పాత హెడర్ పోతుంది. 'షో ఒరిజినల్' పేజీలోనే 'డౌన్‌లోడ్ ఒరిజినల్' ఉంది. ఆ ఫైలును దాచి, ఫిర్యాదుతోపాటు ఇవ్వండి.