తరమడం, వెంటాడడం, వెంటపడడం: ఏ మాట ఎక్కడ?

ఒకరి వెనుక ఒకరు పరుగెత్తడాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మనకు వీటి మధ్య తేడాలు మెల్లగా చెరిగిపోతున్నాయి. పిల్లలకైతే అన్నింటికీ ‘ఛేజ్’ ఒక్కటే సరిపోతోంది. అందుకే వీటిని ఒకచోట చేర్చాం.

తరుము: దీనికి రెండు ఉద్దేశాలున్నాయి. దొంగను తరిమేది పట్టుకోవడానికి, చేలో పడ్డ గేదెను తరిమేది పంపేయడానికి. మళ్లీ రాకుండా చేస్తే తరిమికొట్టడం. వాన, గడువు కూడా తరుముకొస్తాయి.

తోలు: వెనుక నుంచి ముందుకు నడిపించడం. గొర్రెలను తోలుతాం, బండి తోలుతాం. పరుగు అనే అర్థమున్న ‘పారు’తో కలిస్తే పారదోలు. రోగాన్నీ, చీకటినీ పారదోలతాం.

అదిలించు: ఉన్నచోటు నుంచే గొంతుతో, చేత్తో బెదరగొట్టడం. వడియాల మీద వాలిన కాకిని అదిలిస్తాం. కుక్కను ఎవరి మీదికైనా పంపితే అది ఉసిగొల్పడం.

వేటాడు: దొరకబుచ్చుకోవడమే ఇక్కడ లక్ష్యం. మన వేట, తమిళుల వేట్టై, కన్నడిగుల బేటె ఒకే మాట.

వెంటాడు: వదలకపోవడం దీని ప్రాణం. అందుకే అప్పులు, జ్ఞాపకాలు కూడా వెంటాడతాయి.

వెంబడించు: వెనుకనే వెళ్లడం. తెలుగు క్రైస్తవుల వాడుకలో ఇది గురువు బాటలో నడవడం. పోలీసు వార్తల్లో ఇదే మాట అనుమానానికి, నేరానికి గుర్తు. సందర్భాన్ని బట్టే అర్థం.

వెన్నంటు: వెన్నును అంటుకొని తోడుగా ఉండడం. కర్ణాటకలోని మనవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. కన్నడంలో బెన్ను అంటే వెన్నే కానీ, బెన్నట్టు అంటే తరమడం. మరాఠీ పాఠలాగలోనూ పాఠ అంటే వీపు, అర్థం మాత్రం వెంటాడడమే. వెన్నంటి తోడు నిలిచే అర్థం వాటిలో లేదు.

ఇక వెంటపడు. పిల్లవాడు బొమ్మ కొనమని అమ్మ వెంటపడితే అది మారాం. ఒకడు వద్దన్నా వినక ఆడపిల్ల వెంటపడితే అది నేరం. పదేపదే వెంబడించి మాట కలపాలని చూడడాన్ని 2013లో చట్టం నేరంగా చేర్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి.

మన ప్రాంతాల్లో ఫిర్యాదు సాధారణంగా ఆ రాష్ట్ర భాషలోనే రాస్తారు. చెప్పేది తెలుగులో, కాగితం మీదికి వచ్చేది మరో భాషలో. ‘వెంటపడుతున్నాడు’ అన్నది ‘వెనకాల వచ్చాడు’గా మారిందంటే, రోజూ జరిగేది ఒక్కసారి జరిగినట్టవుతుంది, వద్దన్న మాట మాయమవుతుంది. అందుకని ఆ ఒక్క మాటతో ఆపకండి. ఎన్ని రోజులుగా, ఏ దారిలో, వద్దని ఎప్పుడు చెప్పారో విడమరచి చెప్పండి. సంతకం పెట్టేముందు చదివించుకొని, మన భాషలో అర్థం చెప్పించుకోండి.